క్యాన్ మీద హెచ్చరిక ఉంది, లెక్క మాత్రం మనమే వేసుకోవాలి

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, బరువు 45 కిలోలు. రోజూ సాయంత్రం ఫుట్‌బాల్ శిక్షణకు వెళ్తాడు. కొన్నాళ్లుగా మైదానంలోకి దిగే ముందు అర లీటరు ఎనర్జీ డ్రింక్ తాగుతున్నాడు. రాత్రి ఒంటిగంట దాటినా నిద్రపోడు, పొద్దున లేపితే విసుక్కుంటాడు. వద్దంటే, "హానికరమైతే ప్రభుత్వం అమ్మనిస్తుందా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. పైగా వాళ్ల కోచ్, "అందులో ఉన్నది గువరానా, మొక్క గింజల నుంచి తీసిన సహజమైన సారం, భయం లేదు" అన్నారట. కూల్ డ్రింకుల్లో కెఫీన్ ఎంత ఉండాలో నిబంధనలు ఉన్నాయా? కోలా తాగినా ఇదే సమస్యా? ఒక్కసారిగా మాన్పించవచ్చా? – ఒక తల్లి

సమాధానం: మీ అబ్బాయి అడిగిన ప్రశ్న మంచిది. దాన్ని కసిరి పక్కన పెట్టకండి. నిబంధనలు ఉన్నాయి, చాలా దేశాల్లో ఉన్నాయి. అయితే అవి దేన్ని కొలుస్తాయో తెలిస్తే, ఆ ప్రశ్నకు జవాబు అతనే చెప్పుకోగలడు. శీతల పానీయాల్లో కెఫీన్‌కు చట్టం పెట్టే హద్దు దాదాపు ఎక్కడైనా లీటరు లెక్కలోనే ఉంటుంది. ఒక లీటరు ద్రవంలో ఎన్ని మిల్లీగ్రాములు ఉండవచ్చో అది చెబుతుంది. తాగే మనిషి ఎంత బరువున్నాడు, ఎంత తాగుతున్నాడు, ఏ వేళకు తాగుతున్నాడు అన్నవి ఆ అంకెలో ఉండవు. శరీరం మీద ప్రభావాన్ని నిర్ణయించేవి మాత్రం ఆ మూడే.

ముందు మీ ఇంట్లో ఉన్న క్యాన్ తీసుకుని వెనక్కి తిప్పండి. పోషకాల పట్టిక దగ్గరో, దాని కింద చిన్న అక్షరాల్లోనో కెఫీన్ పరిమాణం ఉంటుంది. చాలా ఎనర్జీ డ్రింకుల్లో అది 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. చూడగానే చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ మీ అబ్బాయి తాగేది 100 మిల్లీలీటర్లు కాదు, 500. అంటే 150 మిల్లీగ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన శాస్త్రీయ అభిప్రాయం ప్రకారం పిల్లలకు, కౌమార వయసు వారికి రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల వరకు ఆందోళన అవసరం లేదు. మీ వాడి 45 కిలోలకు అది 135. కెనడా ఆరోగ్య శాఖ ఇంకా జాగ్రత్తపడి, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు కిలోకు 2.5 మిల్లీగ్రాములే అంటుంది. ఆ లెక్కన 112. ఏ కొలతతో చూసినా ఆ ఒక్క క్యాన్‌తోనే రోజు మొత్తానికి సరిపడే హద్దు దాటిపోయింది. ఇక ఆ రోజు తాగే టీ, కాఫీ, తినే చాక్లెట్‌లో ఉన్నదంతా అదనం.

చట్టం దృష్టిలో ఆ క్యాన్‌లో తప్పేమీ లేకపోవచ్చు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల్లో 'కెఫీన్ కలిపిన పానీయం' అని ఒక ప్రత్యేక తరగతి ఉంది. అందులో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివారికి తగదని లేబుల్ మీద రాయాలి. రోజుకు 500 మిల్లీలీటర్లు మించవద్దని కూడా చెప్పాలి. ఈ చివరి మాటను రెండుసార్లు చదవండి. 300 చొప్పున ఉన్న పానీయం 500 మిల్లీలీటర్లు తాగితే సరిగ్గా 150 మిల్లీగ్రాములు. అది పెద్దవాళ్ల కోసం వేసిన లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజు మొత్తం మీద 400 మిల్లీగ్రాములు, ఒక్కసారి తీసుకుంటే 200 వరకు ఫరవాలేదన్నది ఐరోపా నిపుణుల మాట. అందులో 150 ఇమిడిపోతుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడిలో ఇమడదు. అందుకే పిల్లలకు తగదన్న వాక్యాన్ని అదే లేబుల్ మీద పెట్టారు. ప్రభుత్వం అనుమతించింది నిజమే, మీ అబ్బాయి వయసు వారికి వద్దని చెప్పే షరతుతో అనుమతించింది. ఈ రెండో సగాన్ని అతనికి చూపించండి.

ఇతర దేశాల పద్ధతులు కొంచెం తెలుసుకుంటే ఈ నిబంధనల వెనుక ఉన్న ఆలోచన అర్థమవుతుంది. ఐరోపా సమాఖ్యలో 2014 డిసెంబరు నుంచి అమలవుతున్న నియమం ప్రకారం, లీటరుకు 150 మిల్లీగ్రాములు మించిన పానీయం మీద 'కెఫీన్ అధికం' అనీ, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదనీ రాయాలి. పానీయం పేరున్న చోటే, అదే చూపులో కనిపించేలా రాయాలి. 100 మిల్లీలీటర్లకు ఎంతుందో అంకె కూడా వేయాలి. పేరులోనే టీ, కాఫీ అని ఉన్నవాటికి ఈ నియమం వర్తించదు. వాటిలో కెఫీన్ ఉంటుందని తాగేవారికి ముందే తెలుసు కాబట్టి ఈ మినహాయింపు. సీసాలో, క్యాన్‌లో వచ్చే తియ్యటి కాఫీ పానీయాలను ఇప్పుడు పిల్లలు ఎక్కువగా తాగుతున్నారు, వాటికి ఈ మినహాయింపు ఇవ్వడం నాకు సబబుగా తోచదు. దక్షిణ కొరియా ఈ లొసుగును గమనించింది. బడుల్లో మొదట అధిక కెఫీన్ పానీయాలను ఆపింది, 2018లో కాఫీని కూడా చేర్చింది.

కెనడాలో ఎనర్జీ డ్రింక్ ఒక క్యాన్‌కు 180 మిల్లీగ్రాములు మించకూడదు. లీటరును వదిలి, మనిషి ఒక్కసారి తాగేదాన్ని పట్టించుకున్న నియమం ఇది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. క్యాన్ పెద్దదైనంత మాత్రాన కెఫీన్ పెరగడానికి వీలు లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు లీటరుకు 145 నుంచి 320 మధ్య ఉంచి, హెచ్చరిక తప్పనిసరి చేశాయి. మెక్సికో 2020 నుంచి కెఫీన్ కలిపిన ఉత్పత్తుల ముందు భాగంలోనే, పిల్లలకు వద్దని పెద్ద అక్షరాల్లో రాయిస్తోంది.

హెచ్చరికలతో సరిపెట్టుకోని దేశాలూ ఉన్నాయి. లిథువేనియా 2014 నవంబరులో పద్దెనిమిదేళ్లలోపు వారికి ఎనర్జీ డ్రింకుల అమ్మకాన్నే నిషేధించింది. 2016లో లాత్వియా, 2024 జనవరి నుంచి పోలెండ్ అదే బాట పట్టాయి. ఇంగ్లండ్‌లో పదహారేళ్లలోపు వారికి అమ్మకూడదన్న ప్రతిపాదనను 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రజల ముందు పెట్టింది. కాబట్టి "ప్రభుత్వం అమ్మనిస్తుందా?" అన్న ప్రశ్నకు, కొన్ని చోట్ల మీ అబ్బాయి వయసు వారికి అమ్మనివ్వదు అన్నదే జవాబు.

అమెరికాలో పరిస్థితి విచిత్రంగా ఉంటుంది. కోలా తరహా పానీయాల్లో కెఫీన్ 0.02 శాతం వరకు సురక్షితమని అక్కడి ఆహార, ఔషధ సంస్థ నియమావళి చెబుతుంది. 355 మిల్లీలీటర్ల క్యాన్‌కు అది సుమారు 71 మిల్లీగ్రాములు. అదే దేశంలో, క్యాన్‌కు 300 మిల్లీగ్రాములున్న ఎనర్జీ డ్రింకులు కూడా దుకాణాల్లో దొరుకుతాయి, ఎందుకంటే ఆ నియమం రాసింది కోలాల కోసం. కలిపిన కెఫీన్ పేరు పదార్థాల జాబితాలో ఉండాలి. ఎంత కలిపారో చెప్పాలన్న నిర్బంధం లేదు. చాలా కంపెనీలు తమంతట తామే చెబుతున్నాయి, చెప్పనివాటికి దూరంగా ఉండటమే మేలు.

ఇప్పుడు మీ కోచ్ గారి గువరానా సంగతి. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ అది సరికాదు. గువరానా అమెజాన్ ప్రాంతంలో పెరిగే తీగ. దాని గింజల్లో ఉత్సాహం ఇచ్చే ప్రధాన పదార్థం కెఫీనే. కాఫీ గింజల్లో కంటే ఎక్కువ శాతం ఉంటుంది. మొక్క నుంచి తీసినా, ప్రయోగశాలలో తయారు చేసినా కెఫీన్ అణువు ఒకటే, మెదడులో అది చేసే పనీ ఒకటే. దక్షిణ అమెరికాలో తాగే యెర్బా మాటే ఆకులోనూ, ఒకప్పుడు కోలాలకు ఆ పేరు తెచ్చిన కోలా కాయలోనూ ఉన్నది ఇదే. ఐరోపా నియమంలో కెఫీన్ 'ఏ మూలం నుంచి వచ్చినా' లెక్కలోకి వస్తుందని స్పష్టంగా రాశారు. అలాంటి మాట లేని చోట, లేబుల్ మీద గువరానా సారం అని మాత్రమే ఉంటే, కెఫీన్ కోసం వెతికే తల్లిదండ్రుల కళ్లకు అది కనబడదు. కెఫీన్ అంకె ఉన్నప్పటికీ, గువరానా నుంచి వచ్చినది అందులో కలిపి చెప్పారా లేదా అన్నది చూడాలి. లేబుల్‌లో స్పష్టత లేకపోతే తయారీదారుకు రాసి అడగండి, అడిగే హక్కు మీకుంది.

'మాది సహజమైనది, కలిపింది కాదు' అన్న వాదన కొత్తదేమీ కాదు. 1909లో అమెరికా ప్రభుత్వం చట్టనూగా నగరంలో కోకా కోలా పాకం పీపాలను స్వాధీనం చేసుకుని దావా వేసింది. స్వచ్ఛమైన ఆహారం కోసం పోరాడిన రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ దాని వెనుక ఉన్నారు. హానికరమైన పదార్థాన్ని కలిపారన్నది అభియోగం. కెఫీన్ తమ పానీయం సూత్రంలోనే ఒక భాగం కాబట్టి అది 'కలిపిన' పదార్థం కాదని కంపెనీ వాదించింది. 1911 విచారణలో కింది కోర్టు కంపెనీ వైపే మొగ్గింది. 1916లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. సూత్రంలో ఉన్నంత మాత్రాన కలిపినది కాకుండా పోదంది. తర్వాత ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి, కంపెనీ కెఫీన్ తగ్గించింది. ఆ కేసు కోసమే హ్యారీ హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల మీద కెఫీన్ ప్రభావాన్ని పద్ధతిగా పరీక్షించారు. కంపెనీ డబ్బుతో చేసినా, ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా జాగ్రత్తగా చేసిన ప్రయోగాలుగా వాటికి నేటికీ గౌరవం ఉంది.

క్యాన్ మీద టారిన్ పేరు చూసి కంగారు పడకండి. అది మన శరీరంలో సహజంగా ఉండే పదార్థమే, కెఫీన్‌లా ఉత్తేజకం కాదు. దాని విషయంలో అనుమానంతో ఫ్రాన్స్ కొన్నేళ్లు ఒక ప్రముఖ ఎనర్జీ డ్రింక్‌ను రానివ్వలేదు, 2008లో అనుమతించింది. ఎనర్జీ డ్రింకుల్లో ఉండే మోతాదులో భయపడాల్సింది లేదని ఐరోపా సంస్థ 2009లో చెప్పింది. సైనెఫ్రిన్ సంగతి వేరు. చేదు నారింజ సారం అన్న పేరుతో కొన్ని వ్యాయామ పొడుల్లో, బరువు తగ్గించే పానీయాల్లో అది ఉంటుంది, గుండె వేగాన్ని, రక్తపోటును పెంచగలదు. కెఫీన్‌తో కలిసి ఉన్నప్పుడు మరీ జాగ్రత్త అవసరం. దానికి దగ్గరి బంధువైన ఎఫెడ్రిన్ ఉన్న ఆహార అనుబంధాలను అమెరికా 2004లో నిషేధించింది. పిల్లవాడి సంచిలో ఇలాంటి పొడుల డబ్బా ఏదైనా కనిపిస్తే ముందు దాన్ని ఆపించండి. విడి కెఫీన్ పొడి గురించి అయితే చెప్పనక్కర్లేదు, ఒక్క చెంచాలో మూడు వేల మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, అది ప్రాణం తీయగలదు.

రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మనం మేలుకుని ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అదే నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. అది కూర్చోవలసిన చోట కెఫీన్ ముందే వెళ్లి కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, దాని కబురు మాత్రం అందదు. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి. సాయంత్రం ఐదున్నరకు 150 మిల్లీగ్రాములు తాగితే రాత్రి పదిన్నరకు ఇంకా 75 ఉంటాయి. పక్క మీదికి చేరే ముందు రెండు కోలా క్యాన్లు తాగినట్టు. పొద్దున విసుగుకు కారణం పొగరు కాదు, నిద్ర చాలకపోవడం. ఆ నీరసాన్ని దాటడానికి సాయంత్రం మళ్లీ క్యాన్ కావాలనిపిస్తుంది. అతన్ని తిట్టకండి. ఈ విషవలయాన్ని అతనికి విడమరిచి చెబితే చాలు, ఆ వయసు పిల్లలకు బాగానే అర్థమవుతుంది.

కోలా సంగతి అడిగారు. మామూలు కోలా 355 మిల్లీలీటర్లలో 34 నుంచి 38 మిల్లీగ్రాములు ఉంటాయి. డైట్ రకాల్లో కొన్నిటిలో 46 దాకా, కొన్ని నిమ్మ రుచి పానీయాల్లో 54 దాకా ఉండొచ్చు. కాబట్టి రంగు చూసి అంచనా వేయకండి, పసుపుపచ్చని పానీయంలో కోలా కంటే ఎక్కువ ఉండవచ్చు. పద్నాలుగేళ్ల వాడు ఎప్పుడైనా ఒక కోలా తాగితే కెఫీన్ విషయంలో కంగారు అక్కర్లేదు. ఇంట్లో ఏడెనిమిదేళ్ల పిల్లలు ఉంటే మాత్రం కొంచెం ఆలోచించండి. ఆ వయసుకు కెనడా చెప్పే రోజు హద్దు 62.5 మిల్లీగ్రాములే, రెండు కోలాలతో అది దాటిపోతుంది. చక్కెర గురించి ఒక్క మాట. చాలా ఎనర్జీ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల దాకా ఉంటుంది, అర లీటరులో 55 గ్రాములు. చక్కెర లేని రకం తెచ్చుకుంటే చక్కెర పోతుంది, కెఫీన్ అంతే ఉంటుంది.

ఆటలో కెఫీన్ ఉపయోగపడుతుందన్నది నిజం. అది దాచకండి, దాస్తే మీ మిగతా మాటలు కూడా నమ్మడు. పెద్దవారైన క్రీడాకారులపై చేసిన అధ్యయనాల్లో కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు ఓర్పును పెంచినట్టు తేలింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2004లో కెఫీన్‌ను నిషేధిత జాబితా నుంచి తీసేసింది, గమనిస్తూ మాత్రం ఉంది. కానీ చూడండి, పెద్దవారికి ప్రయోజనం మొదలయ్యే చోటే పిల్లలకు పెట్టిన హద్దు ముగుస్తోంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లోనే ఎనర్జీ డ్రింకులకు పిల్లల ఆహారంలో చోటే లేదని తేల్చి చెప్పింది. గంట, గంటన్నర శిక్షణకు నీళ్లు సరిపోతాయి. ముందు ఏదైనా తేలిక తిండి, రాత్రి తొమ్మిది గంటల నిద్ర ఉంటే అతని కాళ్లకు ఆ క్యాన్ ఇవ్వలేని బలం వస్తుంది.

ఒక్కసారిగా మాన్పించవచ్చా అంటే, ప్రమాదం లేదు కానీ ఇబ్బంది పడతాడు. రోజూ తాగేవారు హఠాత్తుగా ఆపితే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి, చిరాకు, మగత మొదలవుతాయి, కొందరికి వారం పైగా ఉంటాయి. అది చూసి 'అది లేకపోతే నేను ఆడలేను' అనుకునే అవకాశం ఉంది. అందుకే మూడు నాలుగు రోజులు సగం క్యాన్, తర్వాత అంతే కాలం పావు, ఆపైన పూర్తిగా ఆపడం మంచిది. ఈ రోజుల్లో పోటీ మ్యాచ్‌లు లేకుండా చూసుకోండి. తలనొప్పి ఎందుకొస్తుందో ముందే చెప్పండి.

రెండు సందర్భాల్లో ఈ నిదానం పనికిరాదు. అతనికి పుట్టుకతో గుండె సమస్య ఉన్నా, ఆడుతూ ఎప్పుడైనా సొమ్మసిల్లినా, మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉన్నా ఈ రోజే ఆపించి గుండె వైద్యుడికి చూపించండి. తాగిన తర్వాత గుండె దడదడలాడటం, ఛాతీ నొప్పి, వాంతులు, వణుకు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందుల విషయం కూడా డాక్టరుకు చెప్పండి. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడుతున్నా, ఏకాగ్రత లోపానికి ఉత్తేజక మందులు వాడుతున్నా వాటి ప్రభావానికి కెఫీన్ తోడవుతుంది. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడే రోజుల్లో శరీరం కెఫీన్‌ను వదిలించుకోవడానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది.

కోచ్ గారితో మీరే మాట్లాడండి, అబ్బాయి ద్వారా కబురు పంపకండి. తప్పు పట్టేలా కాకుండా, ఆ క్యాన్ చేత్తో తీసుకెళ్లి, పిల్లలకు తగదన్న వాక్యాన్ని, 100 మిల్లీలీటర్లకు ఉన్న అంకెను చూపించి, మీ జట్టు పిల్లల బరువులతో లెక్క వేయమని అడగండి. అతని జట్టులో 35 కిలోల పిల్లవాడు కూడా ఉండే ఉంటాడు. ఆ పిల్లవాడికి హద్దు 105 మిల్లీగ్రాములే.